పిల్లలకూ కుటుంబాలకూ అండగా నిలిచే చిన్న సంఘాన్ని శ్రీకాకుళంలో నడపడం ఎలా?

సేవా సంఘం పెట్టాలనుకునేవారు సాధారణంగా నోటు పుస్తకాలో దుప్పట్లో పంచి పని మొదలుపెడతారు. అందులో తప్పు లేదు. అయితే పట్టణంలో ఎస్సీ కులమైన రెల్లివారు ఉండే వీధిలో గానీ, మందస, మెళియాపుట్టి కొండల్లోని సవర గిరిజనుల ఊళ్లలో గానీ బడి మానేసిన పిల్లవాణ్ణి నిదానంగా కదిపి చూస్తే, పుస్తకం కొరత కన్నా తరగతిలో కులం పేరుతో పడిన మాటో, ఇంట్లో లేని కాగితమో అసలు కారణంగా బయటపడుతుంది. అందువల్ల పంపిణీని కొన్నాళ్లు పక్కన పెట్టండి.

సంఘం రిజిస్ట్రేషన్‌కు 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఆ ఏడుగురిలో ఆ వీధి తల్లులు ముగ్గురు నలుగురైనా లేకపోతే, అది వారి పేరున మనం నడుపుకునే సంఘంగానే మిగులుతుందని నా అభిప్రాయం.

ఇళ్లకు వెళ్లే వేళ చూసుకోవాలి. తెల్లవారుజామున వీధులు ఊడ్చే పనికి వెళ్లిన తల్లి మధ్యాహ్నం గానీ ఇంటికి రాదు; ఆమె అన్నం తిని కాస్త నడుం వాల్చాకే వెళ్లండి. వెంట ఒక పెద్ద నోటు పుస్తకం ఉంచుకొని ఇంటికొక పేజీ కేటాయించి, బిడ్డ పేరును ఆధార్‌లో, బడి రిజిస్టరులో, జనన ధ్రువపత్రంలో ఉన్నది ఉన్నట్టుగా ఒకదాని కింద ఒకటి రాయండి. ఒకచోట ‘లక్ష్మి’, మరోచోట ‘మహాలక్ష్మి’, ఇంకోచోట ఇంటిపేరే లేదు: మూడు వరుసలు ఇలా కనబడితే, ఆ ఇంటికి పథకం డబ్బు ఎందుకు అందలేదో తరచుగా అక్కడే తేలిపోతుంది. కుల ధ్రువపత్రానికి గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేసేటప్పుడు తండ్రిదో, తోబుట్టువుదో పాత పత్రం జతచేయించి, రశీదు తీసుకోకుండా వెనుదిరగవద్దు.

వలస వెళ్లి వచ్చిన కుటుంబాలకు 2009 విద్యాహక్కు చట్టం గట్టి ఆధారం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు వయసు ధ్రువీకరణ లేదనో, టీసీ ఆలస్యమైందనో ప్రవేశం నిరాకరించరాదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి. ఈ మాట ప్రధానోపాధ్యాయునితో నోటితో కాక, దరఖాస్తులో మర్యాదగా రాసి చెప్పండి.

సవర బిడ్డకు ఒకటో తరగతిలో తెలుగే కొత్త భాష. ఈ జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకొని, ఆ భాషలోనే బడులు నడిపించారు. ఇంటర్ చదివిన సవర యువతిని సాయంత్రం బడికి పిలిచి, గౌరవ వేతనం తప్పక ఇవ్వండి.

కులం పేరుతో అవమానం జరిగితే తేదీ, చోటు, అక్కడున్నవారు, అన్న మాటలు అదే రోజు బిడ్డ మాటల్లోనే రాసుకోండి. మన మాటల్లోకి మార్చి తీర్చిదిద్దవద్దు. బడిలో శారీరక దండననూ మానసిక వేధింపునూ విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ నిషేధించింది. ఎస్సీ, ఎస్టీలను ఆ వర్గాలకు చెందనివారు పదిమంది ఎదుట కులం పేరుతో తిట్టడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం; ఆ కేసును డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. సహాయానికి 14566, పిల్లల విషయంలో 1098 ఫోన్ నంబర్లు ఉన్నాయి. అయితే కేసు పెట్టాలా వద్దా అన్నది ఆ కుటుంబమే తేల్చుకోవాలి, ఎందుకంటే రేపు ఆ వీధిలో బతకవలసింది వారే. పిల్లలపై లైంగిక నేరం మాత్రం ఇందుకు మినహాయింపు: అలాంటి నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలి, పెద్దమనుషుల తగవుకు అందులో చోటు లేదు.

దుప్పటి అందుకుంటున్న పిల్లల ఫొటోలు తీయవద్దు. నెలాఖరున జమాఖర్చులు ఆ వీధిలోనే, చదువురాని వారికీ అర్థమయ్యేలా పైకి చదివి వినిపించి, ఇద్దరు తల్లుల చేత సంతకమో వేలిముద్రో వేయించుకోండి.