పాత బట్టల వయసు కనిపెట్టడం – 3వ భాగం: లేబుళ్లు, దారాలు

పోయిన భాగంలో కుట్లు, అంచులు చూశాం కదా, ఈసారి లేబుళ్ల పని పడదాం. బీరువాలో అమ్మమ్మ పట్టుచీరో తాతయ్య పెళ్లి కోటో ఉంటే ముందేసుకుని కూర్చోండి. చీరకి లేబులేంటి అంటారేమో, షాపు పెట్టె, కవరు, మడతలో ఇరుక్కుపోయిన ధర చీటీ అన్నీ మనకి లేబుల్ కిందే లెక్క.

ఒక్క రూలు పట్టుకోండి చాలు: లేబుల్ మీద ఉన్నదాన్ని నమ్మొచ్చు, లేనిదాన్ని బట్టి మాత్రం తేల్చేయకూడదు. ఉదాహరణకి టీనగర్ షాపు పెట్టె మీద "మద్రాసు 600 017" అని ఉందనుకోండి, పిన్‌కోడ్ వచ్చిందే 1972 ఆగస్టు 15న, కాబట్టి ఆ పెట్టె అంతకు ముందుది అయ్యే ఛాన్సే లేదు, ఊరి పేరు చెన్నై అయింది 1996లో, అంటే ఈ మధ్యలోదే, కాకపోతే స్టాకున్న పెట్టెలు ఏ షాపువాడూ పారేయడు కాబట్టి అటు చివర ఇంకో రెండు మూడేళ్లు వేసుకోండి. అదే ఉత్త "మద్రాసు-17" ఉంటే? 1972కి ముందుదే అని ఫిక్స్ అయిపోకండి, పిన్‌కోడ్ వచ్చాక కూడా చాలామంది అలాగే రాసుకున్నారు. ఇంకోటి, పెట్టె వయసు చీర వయసు ఒకటే కావాలని లేదు, మనవాళ్లు ఏ చీరని ఏ పెట్టెలో పెడతారో తెలిసిందేగా.

ధర చీటీ దొరికితే పండగే. "న.పై." అని ఉంటే అది నయా పైసల కాలం, 1957 ఏప్రిల్ 1న మొదలై 1964 జూన్ 1న ఆ "నయా" పోయింది, సో ఏడేళ్ల చిల్లరలో తేలిపోయినట్టే. అణాలు రాసుంటే 1957కి ముందుదో, అలవాటు మారని షాపుదో.

మిల్లు బట్టకైతే అంచు మీద స్టాంపు చూడండి. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో పెట్టారు, 2002లో మూతపడింది, ఆ స్టాంపుంటే ఈ రెండిటి మధ్యదే. గ్యాప్ మరీ పెద్దది కదా, అందుకే దారం దగ్గరికి రావాలి.

కుట్టు లోపలి మార్జిన్‌లోంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద అగ్గిపుల్ల చూపించండి. కాటన్ కాగితం కాలిన వాసనేసి మెత్తటి బూడిదవుతుంది. పట్టు జుట్టు కాలిన కంపు కొడుతుంది, చివర్న నల్లగా బూడిద ముద్ద కట్టినా వేళ్లతో నలిపితే పొడైపోతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి గట్టి పూసలా మిగులుతుంది, ఎంత నలిపినా నలగదు (చల్లారాకే ముట్టుకోండి బాబూ). టెర్లిన్ (ఇదీ పాలిస్టరే), టెరికాటన్ (పాలిస్టర్, కాటన్ కలిపింది) మన జనం ఒంటి మీదకి ఎక్కింది 60లు, 70ల్లో, కాబట్టి "స్వాతంత్ర్యానికి ముందు చొక్కా" అని అమ్మేవాడి బట్ట పోగు పూస కట్టిందంటే దండం పెట్టి వచ్చేయండి. కుట్టుదారం ఒక్కటే కరిగితే మాత్రం తొందరపడొద్దు, తర్వాతెప్పుడో రిపేర్ చేయించి ఉండొచ్చు.

కొత్త గుర్తుల్లో రెండు తెలిస్తే చాలు, అసలు పట్టుకి వేసే సిల్క్ మార్క్ 2004లో, చేనేతకి వేసే హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చాయి.

హోంవర్క్: ఇంట్లో ఒక్క బట్ట తీసుకుని "ఈ ఏడాదికి ముందు కాదు", "ఈ ఏడాది తర్వాత కాదు" అని రెండు అంకెలు రాయండి, పక్కనే ఎందుకో కూడా రాయండి. రెండో అంకె దొరక్కపోతే ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. వచ్చే భాగంలో జరీ, అసలు వెండి జరీకీ ప్లాస్టిక్ జరీకీ తేడా ఎలా పట్టాలో చూద్దాం.