బీరువాల ముందు తచ్చాడే పిల్లలకు ఒక చీటీ

మా గ్రంథాలయానికి వచ్చే 12–15 ఏళ్ల పిల్లలు బీరువాల ముందు కాసేపు తచ్చాడి, ఏ పుస్తకమూ తీయకుండానే వెళ్లిపోయేవారు. బొమ్మల కథలు వారికి నామోషీ, పెద్దల నవలలేమో బరువు.

ఇలా చేసి చూడండి. 15 పుస్తకాలు ఎంచి, ముఖచిత్రం కనబడేలా తలుపు దగ్గరి బల్ల మీద నిలబెట్టండి. ఒక్కో దానిలో సగం పోస్టుకార్డంత చీటీ ఉంచి, కథ ఊపందుకునే పేజీ సంఖ్యను, అక్కడి సంగతిని ప్రశ్నగా రాయండి: “34వ పేజీ: బావిలోకి దిగినవాడు తాడు ఎందుకు కోశాడు?” చీటీ రెండంగుళాలు పైకి కనబడాలి. ప్రతి సోమవారం ఐదు పుస్తకాలు మార్చితే చాలు. ఆ చీటీలు పిల్లల చేతే రాయిస్తే ఇంకా మంచిది. తోటివారి దస్తూరీ చూడగానే ఆగిపోతారు, అది నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

చీటీ మీద తరగతి గానీ వయసు గానీ మాత్రం రాయకండి. “ఆరో తరగతి” అని కనబడితే తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ పుస్తకాన్ని ముట్టుకోడు. నెమ్మదిగా చదివే పిల్లలకైతే అది మనసుకు గుచ్చుకుంటుంది. ఇక పరీక్షల రోజుల్లో ఇది పనిచేయదు. అప్పుడు అదే బల్ల మీద పాత ప్రశ్నపత్రాలు పెట్టండి.