దెబ్బతిన్న వీధి పిల్లి మా ఇంటిదైంది

వెనుక కాలు ఈడుస్తూ మెట్ల కింద నక్కిన పిల్లిని మందపాటి తువ్వాలులో చుట్టి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాను. ఎముక విరగలేదు, కాటు గాయం చీము పట్టింది. శుభ్రం చేసి, నాకకుండా మెడకు గరాటు లాంటి పట్టీ తొడిగారు. అది గీరిన నా చేతిని 15 నిమిషాలు సబ్బుతో కడిగి, రేబిస్ టీకా వేయించుకున్నాను.

అసలు చిక్కు తిండి దగ్గర వచ్చింది. మంచం కింద దూరి ఏదీ ముట్టదు. పిల్లి రోజుల తరబడి పస్తుంటే కాలేయానికి కొవ్వు పడుతుంది. వాసన తగలనిదే తినే రకం కాదు కదా, మహారాణి! తడి ఆహారాన్ని గోరువెచ్చగా చేసి, పట్టీ అంచు అడ్డుపడని వెడల్పాటి పళ్లెంలో పెట్టి, గదిలోంచి వచ్చేశాను. కాసేపటికే పళ్లెం ఖాళీ.

నొప్పికి మన పారాసిటమాల్ మాత్రం వేయకండి, పిల్లులకు అది ప్రాణాంతకం.