కర్రీ పాయింట్‌కి వాట్సాప్, 3వ పాఠం: మీ నంబరు ఎంతమంది ఫోన్లలో ఉంది?

పోయిన పాఠంలో వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకుని షాపు పేరు, అడ్రస్, టైమింగులు పెట్టుకున్నాం. ఇంట్లో వాడే నంబరు కాకుండా షాపుకి వేరే సిమ్ తీసుకోమని కూడా చెప్పాను. ఆ పని ఇంకా కానివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి, ఇవాళ చెప్పేదంతా ఆ నంబరు మీదే నడుస్తుంది.

ఇవాళ్టి పాఠం స్టేటస్ గురించి.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మా అక్క కర్రీ పాయింట్ నడుపుతుంది. చుట్టూ హాస్టళ్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లు. మొదట్లో ఇన్‌స్టాగ్రామ్ పేజీ పెట్టి, ఫాలోయర్లని పెంచుతానన్న ఒకాయనకి 8,000 రూపాయలు ఇచ్చాం. రెండు నెలల్లో ఫాలోయర్లు వేలల్లోకి వెళ్లారు, కౌంటర్ దగ్గర మాత్రం ఒక్క కొత్త మొహం కనపడలేదు, ఎందుకంటే వాళ్లంతా ఎక్కడెక్కడి వాళ్లో, దొండకాయ వేపుడు కోసం మా వీధికి వచ్చేవాళ్లు కాదు. కర్రీ పాయింట్‌కి గిరాకీ వచ్చేది నడిచి రాగలిగినంత దూరం నుంచే. ఆ కిలోమీటరులో ఎంతమంది ఫోన్లలో మీ నంబరు సేవ్ అయి ఉంది? నన్నడిగితే మీరు లెక్కపెట్టుకోవాల్సిన అంకె అదొక్కటే.

ఎందుకో చెప్తాను. మీరు పెట్టిన స్టేటస్ అవతలివాళ్లకి కనపడాలంటే వాళ్ల నంబరు మీ దగ్గర, మీ నంబరు వాళ్ల దగ్గర, రెండు వైపులా సేవ్ అయి ఉండాలి. ఒక్క వైపే ఉంటే కనపడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, రోజూ స్టేటస్ పెడుతుంటారు, చూసేది బంధువులే.

మరి నంబరు ఎలా అడగాలి? "మీ నంబరు ఇవ్వండి" అని కౌంటర్ దగ్గర అడిగితే ఇబ్బంది పడతారు, ముఖ్యంగా హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు, వాళ్ల భయంలో న్యాయం ఉంది కూడా. అందుకని మనం అడగకుండా వాళ్లే మెసేజ్ పెట్టేలా చేయాలి. వాట్సాప్ బిజినెస్ మీ షాపుకి ఒక క్యూఆర్ కోడ్ ఇస్తుంది, దానికి ముందే ఒక మెసేజ్ రాసి పెట్టుకోవచ్చు. మేం "ఇవాళ్టి మెనూ పంపండి" అని పెట్టాం. ఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే చాట్ తెరుచుకుని ఆ మాట రెడీగా ఉంటుంది, పంపితే చాలు. డబ్బులు కట్టే స్కానర్ పక్కనే దీన్ని కూడా అంటించండి, కాకపోతే ఒకదాని మీద "డబ్బుకి", రెండోదాని మీద "మెనూకి" అని పెద్ద అక్షరాలతో రాయండి. మేం రాయక ముందు సగం మంది మెనూ కోడ్‌ని పేమెంట్ యాప్‌తో స్కాన్ చేసి, పని చేయట్లేదని వెళ్లిపోయేవాళ్లు.

మెసేజ్ రాగానే మెనూతో పాటు ఈ మాట పంపండి: "మా నంబరు సేవ్ చేసుకుంటే రోజూ పదిన్నరకి మెనూ స్టేటస్‌లో కనపడుతుందండీ." దీన్ని క్విక్ రిప్లైగా పెట్టుకుంటే ప్రతిసారీ టైప్ చేయక్కర్లేదు. అప్పుడే వాళ్ల నంబరు మీరూ సేవ్ చేయండి, పేరు పక్కన చిన్న గుర్తు రాసుకోండి. "నైన్త్ ఫేజ్, కారం తక్కువ", "హాస్టల్, రాత్రికే వస్తారు", ఇలా. మళ్లీ వచ్చినప్పుడు "ఇవాళ పప్పులో కారం తక్కువే వేశామండీ" అని అక్క చెప్తే ఆ మనిషి మొహంలో వచ్చే మార్పు నేను చూశాను, ఏ ప్రకటనా ఆ పని చేయలేదు.

ఇక స్టేటస్ రాయడం. నేను చెప్పేది ఇలా ఉంటుంది:

మంగళవారం మధ్యాహ్నం
మామిడికాయ పప్పు 40
దొండకాయ వేపుడు 40
గుత్తి వంకాయ 60
మజ్జిగ పులుసు 30
12కి రెడీ. పక్కన పెట్టమంటే ఇక్కడే రిప్లై ఇవ్వండి.

ధర తప్పకుండా ఉండాలి. "ధర కోసం మెసేజ్ చేయండి" అని రాస్తే చేయరు, ఎక్కువేమో అనుకుని పక్క షాపుకి పోతారు. చివరి లైను ఇంకా ముఖ్యం: స్టేటస్‌కి ఇచ్చే రిప్లై మీకు ఒక్కరికే చాట్‌లో వస్తుంది, అదే ఆర్డరు. ఆఫీసులో ఉన్న మనిషికి ఫోన్ చేయడం కుదరకపోవచ్చు, "వంకాయ ఒకటి, పులుసు ఒకటి" అని కొట్టడానికి అర నిమిషం చాలు.

ఈ మెనూ తర్వాత ఒకటో రెండో ఫోటోలు, అంతకంటే వద్దు. కిటికీ వెలుతురులో, గిన్నె అంచు శుభ్రంగా తుడిచి, దగ్గరగా తీయండి. ఫిల్టర్లు వద్దు, కూర రంగు మారితే అనుమానం వస్తుంది. నెట్‌లో దొరికిన ఫోటో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, రోజూ మీ కూర తినేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

టైము: మధ్యాహ్నానికి పదిన్నర, రాత్రికి సాయంత్రం ఐదున్నర. జనం ఏం తినాలా అని ఆలోచించడం మొదలుపెట్టేది అప్పుడే.

ఇంకొకటి, ఇది చాలామంది గమనించరు. స్టేటస్ 24 గంటలు ఉంటుంది కాబట్టి నిన్న మధ్యాహ్నం మెనూ ఇవాళ పొద్దున కూడా కనపడుతూనే ఉంటుంది. అది చూసి ఎవరో గుత్తి వంకాయ కోసం నడిచి వస్తారు, ఇవాళ అది లేదని చెప్తే నొచ్చుకుంటారు. షాపు మూసేటప్పుడు పాతవి చేత్తో తీసేయండి. అలాగే ఏదైనా కూర మధ్యలో అయిపోతే వెంటనే "గుత్తి వంకాయ అయిపోయిందండీ" అని పెట్టండి, ఎండలో ఒకరి నడక తప్పుతుంది.

ఎవరెవరు చూశారో స్టేటస్ కింద తెలుస్తుంది, కానీ మీ సెట్టింగ్స్‌లో రీడ్ రిసీట్స్ (మెసేజ్ చదివితే నీలం టిక్కులు చూపించేది) ఆపేసి ఉంటే ఆ లిస్టు రాదు, ఆన్ చేసుకోండి.

బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ని ఒక్కసారే చాలామందికి విడివిడిగా పంపడం, దాని గురించి క్లుప్తంగా. ఒక లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు, ఇది కూడా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. రోజూ పంపితే విసుగొచ్చి బ్లాక్ చేస్తారు, ఎక్కువమంది బ్లాక్ చేసి రిపోర్ట్ కొడితే అకౌంటే పోవచ్చు. కార్తీక మాసం లాంటి వాటికి దాచుకోండి. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లకి ఒక లేబుల్ పెట్టుకుని, వాళ్లకి మాత్రమే "కార్తీక సోమవారం ఉల్లి, వెల్లుల్లి లేకుండా మూడు కూరలు" అని పంపితే అది వాళ్లకి కావలసిన కబురు. గ్రూపు మాత్రం పెట్టకండి, అందులో ఒకరి నంబరు అందరికీ కనపడుతుంది, మిమ్మల్ని నమ్మి నంబరు ఇచ్చిన మనిషికి అది అన్యాయం.

ఈ వారం ఇంటి పని: క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి అంటించండి, ఏడు రోజులు రెండు పూటలా స్టేటస్ పెట్టండి, రోజూ రాత్రి ఒక నోట్‌బుక్కులో మూడు అంకెలు రాయండి: కొత్తగా సేవ్ చేసిన నంబర్లు, స్టేటస్ చూసినవాళ్లు, రిప్లైలో వచ్చిన ఆర్డర్లు. చూసేవాళ్లు పెరిగి ఆర్డర్లు పెరగకపోతే మెనూలోనో ధరలోనో టైములోనో ఏదో మార్చాలి, అదెలా పట్టుకోవాలో వచ్చే పాఠంలో మీ నోట్‌బుక్కు ముందు పెట్టుకునే చూద్దాం. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టడం ఆ తర్వాత.