డబ్బా బరువు లెక్కలు ఎక్కడ తప్పుతున్నాయి: లక్షణం, కారణం, పరిష్కారం

నిండా నీళ్లున్న బకెట్ 15 కిలోలు తూగింది. సగం నీళ్లు పారబోస్తే 8 కిలోలు తూగింది. ఖాళీ బకెట్ బరువెంత?

బడి పుస్తకాల నుంచి పోటీ పరీక్షల దాకా ఈ లెక్క ఏదో ఒక వేషంలో ఎదురవుతూనే ఉంటుంది. బకెట్ పోయి డ్రమ్ము వస్తుంది, నీళ్లు పోయి ఇసుక వస్తుంది, అంతే తేడా. చేసేవాళ్లు తప్పే చోట్లు కూడా ఎప్పుడూ అవే. అందుకే జవాబు ఎలా తప్పిందో చూస్తే ఎక్కడ తప్పిందో దాదాపు చెప్పేయొచ్చు. మీ లెక్కలో ఏ లక్షణం కనిపిస్తోందో చూసుకుని ఆ భాగానికి వెళ్లిపోండి. మొదటిది మాత్రం అందరూ చదవండి, మిగతావాటిలో సగం దాని పిల్లలే.

జవాబు వచ్చింది, సరిచూస్తే కలవడం లేదు

పై లెక్కకు తరచూ వినిపించే తప్పు జవాబు అర కిలో. "15లో సగం ఏడున్నర. తూగింది 8. తేడా అర కిలో, అదే బకెట్." వినడానికి బాగానే ఉంది. సరిచూద్దాం. బకెట్ 0.5 అయితే నీళ్లు 14.5. అందులో సగం 7.25. దానికి బకెట్ కలిపితే 7.75. రావాల్సిన 8 రాలేదు.

కారణం: 15ను సగం చేసినప్పుడు నీళ్లతో పాటు బకెట్‌ను కూడా సగానికి కోసేశారు. పారబోసింది నీళ్లనే కదా, బకెట్ చెక్కుచెదరలేదు. తూకంలో ఉన్నది సగం నీళ్లు, పూర్తి బకెట్. మీ ఏడున్నరలో ఉన్నది సగం నీళ్లు, సగం బకెట్. ఈ రెండింటికీ తేడా అర బకెట్. అంటే మీకు వచ్చిన అర కిలో ఊరికే వచ్చిన తప్పు సంఖ్య కాదు, అది సరిగ్గా సగం బకెట్ బరువు. దాన్ని రెట్టింపు చేస్తే 1 కిలో. అసలు జవాబు అదే!

పరిష్కారం: రెండు తూకాలూ ఒకదాని కింద ఒకటి రాయండి. బకెట్ బరువు బ, నిండుగా ఉన్నప్పటి నీళ్ల బరువు న, రెండూ కిలోల్లో అనుకుందాం.

బ + న = 15
బ + న/2 = 8

పై వరుసలోంచి కింది వరుస తీసేస్తే బ ఎగిరిపోతుంది. న/2 = 7, కాబట్టి న = 14, బ = 1. సరిచూస్తే 1 + 14 = 15, 1 + 7 = 8. రెండూ కలిశాయి.

భిన్నం న పక్కన ఉండొచ్చు, బ పక్కన ఉండకూడదు. రాసిన సమీకరణంలో బ/2 అని గానీ (బ + న)/2 అని గానీ కనిపించిందంటే ఎక్కడో బకెట్ తెగుతోందన్నమాట.

సగం అన్న మాట ఉన్న లెక్కలకు నోటితో చేసే దారి కూడా ఒకటుంది. సగం నిండిన బకెట్లు రెండు ఉన్నాయనుకోండి. వాటి బరువు 16. ఒకదాంట్లోని నీళ్లు రెండోదాంట్లో పోసేస్తే చేతిలో ఒక నిండు బకెట్, ఒక ఖాళీ బకెట్ ఉంటాయి. నిండుది 15. మిగిలిన 1 ఖాళీది. సగం తూకాన్ని రెట్టింపు చేసి నిండు తూకం తీసేయడమే. సమీకరణం రాసినవాళ్లు కూడా ఒకసారి ఇలా ఊహించుకుంటే ఆ తీసివేత ఎందుకో కళ్లకు కడుతుంది.

డిజిటల్ కాటా మీద టేర్ అనే బటన్ చేసేది కూడా ఈ తీసివేతే. ఖాళీ గిన్నె పెట్టి అది నొక్కితే కాటా సున్నా చూపిస్తుంది, తర్వాత లోపల వేసినదే తూగుతుంది. వే బ్రిడ్జి మీద లోడు లారీని ఒకసారి, ఖాళీ లారీని ఒకసారి తూచేదీ అందుకే. పాత్రను ఖాళీ చేసి తూచే వీలుంటే ఈ బీజగణితంతో పనే లేదు. మన లెక్కల్లో ఆ వీలు ఇవ్వరు, అంతే.

జవాబు మైనస్‌లో వస్తోంది

ఇది కనిపిస్తే టెన్షన్ పడకండి. నా లెక్కలో ఇది మంచి లక్షణమే, ఎందుకంటే తప్పు తనంతట తనే దొరికిపోయింది. భయపడాల్సింది దీని కవల గురించి. అదీ చెబుతాను.

నిండు నూనె డ్రమ్ము 92 కిలోలు. నూనెలో మూడింట రెండు వంతులు తీసేశాక 36 కిలోలు. డ్రమ్ము బరువెంత?

రెండు వంతులు మిగిలాయని పొరపాటుగా చదివినవాళ్లకు, తగ్గిన 56 కిలోలు మూడో వంతు అవుతుంది. అప్పుడు నూనె 168, డ్రమ్ము మైనస్ 76. అలాంటి డ్రమ్ము ఉండదు కాబట్టి వెనక్కి వెళ్లి చూసుకుంటారు. 56 కిలోలు రెండు వంతులైతే ఒక వంతు 28, నూనె 84, డ్రమ్ము 8. లెక్క కుదిరింది.

ఇప్పుడు అదే డ్రమ్ము, ఇంకో ప్రశ్న: నూనెలో మూడో వంతు తీసేశాక 64 కిలోలు తూగింది. సరిగ్గా చేస్తే తగ్గిన 28 ఒక వంతు, నూనె 84, డ్రమ్ము 8. మూడో వంతు మిగిలిందని చదివితే? తగ్గిన 28 రెండు వంతులు, ఒక వంతు 14, నూనె 42, డ్రమ్ము 50. మైనస్ లేదు, భిన్నం లేదు, అన్నీ పూర్ణ సంఖ్యలు. సరిచూసినా 50 + 14 = 64 అని చక్కగా కలుస్తుంది! తప్పు చదివి తప్పు సమీకరణం రాసి, జవాబును మళ్లీ ఆ సమీకరణంలోనే వేసి చూస్తే కలవక ఏమవుతుంది. సరిచూసేటప్పుడు మీరు రాసిన సమీకరణాన్ని పక్కన పెట్టి, ప్రశ్నలోని వాక్యాన్ని మళ్లీ మొదటి నుంచి చదవమనేది ఇందుకే.

ఈ పొరపాటుకు మన భాషలోనే ఒక కారణం దాగుంది. "మూడో వంతు తగ్గింది", "మూడో వంతుకు తగ్గింది" అనే రెండు వాక్యాల మధ్య తేడా ఒక్క "కు". మొదటిదాంట్లో రెండు వంతులు మిగిలాయి, రెండోదాంట్లో ఒక్క వంతే మిగిలింది. "సగం తగ్గింది" అన్నా "సగానికి తగ్గింది" అన్నా మిగిలేది సగమే కాబట్టి సగం లెక్కలతో అలవాటైన కన్ను ఈ "కు"ను దాటేస్తుంది. పావు, ముప్పావు, ఐదింట రెండు వంతులు రాగానే దెబ్బ తింటుంది. తీసేసింది ఎంత, మిగిలింది ఎంత అని రెండు గడులు గీసి, సమీకరణం కంటే ముందు వాటిని నింపండి. ఈ రెండూ కలిస్తే ఒకటి కావాలి.

ఎన్నిసార్లు చదివినా మైనసే వస్తుంటే ప్రశ్నలోనే అచ్చు తప్పు ఉందేమో చూడండి. సగం నిండిన పాత్ర బరువు, నిండు పాత్ర బరువులో సగం కంటే ఎక్కువే ఉండాలి, ఎందుకంటే పాత్ర మొత్తం దాంట్లోనూ ఉంది. నిండుది 15, సగానిది 7 అని ఇచ్చారంటే మీరు తలకిందులుగా తపస్సు చేసినా బకెట్ బరువు మైనస్ 1 వస్తుంది.

తెలియనివి రెండు, భిన్నాలు రెండు, కదలడం లేదు

ఒక ట్యాంకు ఐదింట మూడు వంతులు నిండి ఉంటే 41 కిలోలు, పావు వంతు నిండి ఉంటే 20 కిలోలు. ఖాళీ ట్యాంకు బరువెంత?

ఇక్కడ ఇరుక్కున్నవాళ్ల కాగితం చూస్తే సాధారణంగా 3/5, 1/4 రెండూ వేరే వేరే హారాలతో పేజీ నిండా తిరుగుతుంటాయి. నిండు ట్యాంకు ద్రవాన్ని ఎక్స్ అనుకోవడమే ఇక్కడ చిక్కు. పెద్దదాన్ని ఎక్స్ అనుకుంటే ముక్కలు భిన్నాలవుతాయి. చిన్న ముక్కకే పేరు పెడితే భిన్నాలే రావు.

5కీ 4కీ క.సా.గు. 20. నిండు ద్రవాన్ని 20 సమాన వాటాలు చేసి, ఒక్కో వాటా బరువు వ అనుకోండి. ఐదింట మూడు వంతులంటే 12 వాటాలు. పావు అంటే 5 వాటాలు. ట్యాంకు బరువు ట.

ట + 12వ = 41
ట + 5వ = 20

తీసేస్తే 7వ = 21, వ = 3, ట = 20 - 15 = 5. నిండు ద్రవం 60 కిలోలు. సరిచూస్తే 5 + 36 = 41.

అక్షరాల గురించి ఒక మాట. బకెట్‌కు బ, నీళ్లకు న అని మొదటి అక్షరాలు పెట్టుకుంటే గుర్తుంటాయి, నిజమే. కానీ న అంటే నీళ్లు కాదు, నీళ్ల బరువు. ఈ తేడా మరిచిపోతే 5వ అన్నది "ఐదు వాటాలు" అనిపిస్తుంది తప్ప "ఒక వాటా బరువుకు ఐదింతలు" అనిపించదు. అందుకే మొదటి వరుసలో "వ = ఒక వాటా బరువు, కిలోల్లో" అని పూర్తిగా రాయాలి. బద్ధకిస్తే మూడో వరుసకొచ్చేసరికి వ ఏమిటో మీకే గుర్తుండదు.

ఎక్కువ, రెట్లు అన్న మాటల దగ్గర తేడా కొడుతోంది

మేకుల పెట్టె మొత్తం 5 కిలోలు. పెట్టె కంటే మేకులు 4 కిలోలు ఎక్కువ. పెట్టె ఎంత? మనసు టక్కున 1 కిలో అంటుంది. పెట్టె 1, మేకులు 4 అయితే తేడా 3 మాత్రమే. పెట్టె ప అయితే మేకులు ప + 4. రెండూ కలిపి 2ప + 4 = 5, ప = అర కిలో. మేకులు నాలుగున్నర. 5లోంచి 4 తీసేశాక మిగిలిన కిలోలో రెండు ప లు ఉన్నాయి, అక్కడే అందరూ జారేది.

"రెండు రెట్లు" అంటే 2తో గుణించడం. "రెండు రెట్లు ఎక్కువ" అన్నప్పుడు కొందరు రెండింతలనీ, కొందరు అసలు ఒకటి పైన రెండు, మొత్తం మూడింతలనీ తీసుకుంటారు. ఇలా రాసిన ప్రశ్న తప్పు, మీరు కాదు. రెండు విధాలా చేసి, ఇచ్చిన ఎంపికల్లో ఏది ఉందో చూసుకోవడమే దారి.

అనుపాతం వేశాను, దగ్గర్లోకి వచ్చింది కానీ సరిపోలేదు

ఒక పెట్టెలో 6 బంతులు పెడితే 950 గ్రాములు. అదే పెట్టెలో 10 బంతులు పెడితే 1450. 950ని 6తో భాగించి 10తో గుణిస్తే సుమారు 1583 వస్తుంది, 1450 రాదు. ఆరుకు ఇంత అయితే పదికి ఎంత అనే పద్ధతి పెట్టె బరువు సున్నా అయినప్పుడే పనిచేస్తుంది. మీరు బంతులతో పాటు పెట్టెను కూడా పెంచేశారు. మొదటి భాగంలో బకెట్‌ను కోసిన తప్పే ఇది, దిశ మారిందంతే.

నాలుగు బంతులు పెరిగితే 500 గ్రాములు పెరిగింది. ఒక బంతి 125. ఆరు బంతులు 750, కాబట్టి పెట్టె 200. గ్రాఫ్ గీస్తే సరళరేఖే వస్తుంది కానీ అది మూలబిందువు గుండా పోదు. బంతులు సున్నా ఉన్న చోట నిలువు అక్షాన్ని 200 దగ్గర తాకుతుంది. ఖాళీ పెట్టె బరువు అక్కడే కూర్చుని ఉంది.

పాత్రలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నప్పుడు వాటినీ లెక్కపెట్టాలి. "ఐదు నిండు సీసాలు" అంటే ఐదు సీసాల ద్రవంతో పాటు ఐదు సీసాలు కూడా.

జవాబు మరీ పెద్దగా, లేదా మరీ చిన్నగా వస్తోంది

కిలోలు, గ్రాములు కలిసిపోయాయి. ముందే అన్నీ ఒకే ప్రమాణంలోకి మార్చండి. ఇందులో అంతకు మించి ఏమీ లేదు.

లీటరును కిలో అనుకోవడం మాత్రం ఇంకాస్త లోతైన పొరపాటు. నీళ్లకు అది దాదాపు చెల్లుతుంది. కిరోసిన్ లీటరు సుమారు 0.8 కిలో. పాదరసం లీటరు 13.6 కిలోలు. ఈ తేడానే వాడుకునే లెక్కలు కొన్ని ఉన్నాయి. ఒక సీసా నిండా నీళ్లు పోస్తే 150 గ్రాములు, అదే సీసా నిండా పాదరసం పోస్తే 1410 గ్రాములు. ఇక్కడ పాత్ర ఒకటే, పట్టే పరిమాణం ఒకటే, మారింది ద్రవం. నీళ్ల బరువు న అయితే పాదరసం 13.6న. తీసేస్తే 12.6న = 1260, న = 100, సీసా 50 గ్రాములు. ద్రవాల సాంద్రత కొలవడానికి ప్రయోగశాలలో వాడే సాంద్రత సీసా వెనక ఉన్న లెక్క కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ ఖాళీ సీసాను ముందే తూచి, తెలియని ద్రవం సాంద్రత కనుక్కుంటారు.

అంతా సరిగ్గానే చేశాను, అయినా తప్పు పెట్టారు

చివరి వాక్యం మళ్లీ చదవండి. ట్యాంకు లెక్కలో వ = 3 రాగానే పెన్ను పక్కన పెట్టేస్తే అది ఒక వాటా బరువు. అడిగింది ఖాళీ ట్యాంకు, 5 కిలోలు. ఒక్కోసారి ద్రవం అడుగుతారు, అప్పుడది 60. జవాబుల ఎంపికల్లో 3, 5, 60 మూడూ ఉండొచ్చు. ప్రశ్న రాసినవాళ్లకు మనం ఎక్కడ ఆగిపోతామో బాగా తెలుసు.