తుపాను వెళ్ళాక ఊరికి ఏం కావాలో ఎలా తెలుసుకోవాలి?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి దెబ్బ శ్రీకాకుళం మీద పడితే, వాన దెబ్బ ఎగువన కొండల్లో ఒడిశాలోని గజపతి జిల్లా మీద పడింది. నాలుగో రోజున మేం పర్లాకిమిడి నుంచి వ్యాను నిండా బియ్యం బస్తాలు, పాత బట్టలు వేసుకుని ఒక సవర ఊరికి వెళ్ళాం. అక్కడ బియ్యం అప్పటికే అందాయి. లేనివి వండుకునే గిన్నెలు, నీళ్ళు తెచ్చుకునే బిందెలు. కట్టెలు తడిసిపోయాయి. ఊటను మట్టి కప్పేసింది. ఒక ముసలమ్మ మా డ్రైవరును సవరలో ఏదో అడిగింది. అతను తెలుగులో చెప్పాడు: అగ్గిపెట్టె ఉందా అంటోంది. మా నలుగురిలో ఎవరి దగ్గరా లేదు.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మోటు వైపు ఉన్న మన తెలుగువాళ్ళలో కష్టమొస్తే పరుగెత్తేవాళ్ళు చాలామంది. ఆ పరుగుకు ముందు ఒక పూట అడిగి తెలుసుకోవడానికి కేటాయిస్తే, మోసుకెళ్ళే ప్రతి బస్తా పనికొస్తుంది. ఆ ఒక్క పూటా ఏం చేయాలో కింద రాస్తున్నాను.

బయలుదేరే ముందు

రెండు గంటలు ఫోను దగ్గర కూర్చోండి. జిల్లా అత్యవసర కేంద్రం నంబరు 1077. దారి తెరిచారా, కొండచరియలు విరిగే భయం ఉందా, వంశధార, నాగావళి, ఋషికుల్య ఎలా ఉన్నాయి అన్నది తేలకుండా కదలొద్దు. ఫలానా ఊరికి వెళ్తున్నామని బ్లాకు అధికారి బీడీఓకో తహసీల్దారుకో ఒక మాట చెప్పండి. మీకంటే ముందు ఇంకో జట్టు వెళ్ళి వివరాలు రాసుకుని ఉంటే ఆ కాగితం తెప్పించుకోండి. ఒకే ఇంటికి మూడు జట్లు వచ్చి అవే ప్రశ్నలు వేసి, మూడుసార్లూ ఏమీ రాకపోతే, నాలుగోసారి ఆ ఇంటివాళ్ళకు నోరు విప్పాలని ఎందుకు అనిపిస్తుంది?

జనాభా అంతా మళ్ళీ లెక్కపెట్టక్కర్లేదు. అంగన్‌వాడీ రిజిస్టరులో పసిపిల్లలు, గర్భిణులు, బాలింతల పేర్లుంటాయి. ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు మంచంలో ఉన్నారో తెలుసు. రేషను కార్డుల జాబితాతో ఇళ్ళ సంఖ్య తేలుతుంది, అయితే కార్డు లేని ఇళ్ళు అందులో ఉండవు. అవి ఎన్నో అక్కడికెళ్ళాక అడగాలి.

జట్టుకు నలుగురు చాలు. వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు తప్పక ఉండాలి. మీ తిండి, మీ నీళ్ళు మీరే తీసుకెళ్ళండి. మనకు టీ కాచడానికి ఆ ఊళ్ళో పొయ్యి వెలగకూడదు.

భాష సంగతి మన జిల్లాల్లో పెద్దది. సవర ఊరికి సవర వచ్చినవాళ్ళు, కొంధుల ఊరికి కుయి గానీ కువి గానీ వచ్చినవాళ్ళు, మోటు వైపు కోయ వచ్చినవాళ్ళు జట్టులో ఉండాలి. గోపాలపూర్ తీరాన వాడబలిజల పేటల్లో పరిస్థితి వేరు. అధికారి ఒడియాలో అడుగుతాడు, పడవ యజమాని ఒడియాలో జవాబు చెబుతాడు, తెలుగు తప్ప రాని ముసలివాళ్ళు, ఆడవాళ్ళు పక్కన నిలబడి వింటారు. అక్కడ మన తెలుగే అక్కరకొస్తుంది. అయితే చివర్లో ఇచ్చే కాగితం మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులో రాసిన కాగితం బ్లాకు ఆఫీసులో ఏ బల్ల మీదా కదలదు. ఒడియా రాయగలిగిన హైస్కూలు పిల్లవాణ్ణి ముందే చూసుకోండి.

ముందు ఏ పేటకు?

1999 పెనుతుపానులో ఒడిశాలో సుమారు 10 వేలమంది పోయారు. ఆ దెబ్బ నుంచి నేర్చుకున్నందువల్లే 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటేలోపు దాదాపు 10 లక్షల మందిని తీరం నుంచి తరలించగలిగారు. అందరి చూపూ సముద్రం మీదే నిలిచిపోయింది. తిత్లీ వచ్చేసరికి ప్రాణాలు కొండల్లో పోయాయి. గజపతి జిల్లా బరఘరలో వానకు కొండ గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ పడి పదిమందికి పైగా చనిపోయారు.

అందుకే దెబ్బ ఎక్కడ తగిలి ఉంటుందని మనం అనుకుంటామో అక్కడితో ఆగకూడదు. పంచాయతీలో పేటలన్నీ తిరగలేకపోతే మూడు ఎంచుకోండి: రోడ్డు పక్కది ఒకటి, మధ్యలోది ఒకటి, బండి ఆగాక నడిచి వెళ్ళాల్సిన చివరిది ఒకటి. పొద్దున్నే చివరిదానికి వెళ్ళండి. సాయంత్రానికి మిగిలిస్తే ఇక వెళ్ళరు. ఏ పేట నుంచి ఫోను రావడం లేదో దాన్ని ముందు అనుమానించండి.

కళ్ళతో చూసి, తర్వాత అడగండి

ఊళ్ళోకి రాగానే పెద్దల దగ్గర కూర్చోకుండా, నమస్కారం పెట్టి, ఊరు ఒకసారి చుట్టి వస్తామని చెప్పండి. బోరింగు పనిచేస్తోందా? బావి గట్టు మునిగిందా, లోపలి నీళ్ళ రంగేమిటి? పశువుల కళేబరాలు గెడ్డలో ఉన్నాయా? మరుగుదొడ్లు నిలబడ్డాయా, లోపల గడియ ఉందా? ఎన్ని పొయ్యిలు వెలిగాయి? పొద్దున తొమ్మిదికి పొగ రాని ఇంటి ముందు ఆగి పలకరించండి.

తర్వాత మాటలు. "మీకు ఏం కావాలి?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకు, మనం ఏం ఇవ్వగలమని వాళ్ళు అనుకుంటారో అదే జవాబుగా వస్తుంది. జరిగింది అడగండి:

- రాత్రి ఏం వండారు? అంతకు ముందు రోజు? ఇంట్లో చివరగా తిన్నది ఎవరు?
- నీళ్ళు ఎక్కడివి? వెళ్ళి రావడానికి ఎంతసేపు? నిన్న ఎన్ని బిందెలు వచ్చాయి?
- రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఎంతమంది?
- రోజూ మింగాల్సిన మందులు ఎవరికైనా ఆగాయా?
- ఈ నెలలో కాన్పు అయ్యేవాళ్ళున్నారా? నొప్పులొస్తే ఏ దారిన తీసుకెళ్తారు?

మందుల ప్రశ్న దగ్గర తొందరపడొద్దు. టీబీ, బీపీ, షుగరు, మూర్ఛ, మన వైపు ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. ఈ జబ్బుల మందులు ఇంటితోపాటు కొట్టుకుపోయి ఉంటాయి. ఎవరూ తమంతట తాము చెప్పరు.

ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు మగవాళ్ళు దూరంగా ఉండాలి. తుపాను షెల్టరులో స్నానానికి మరుగు ఉందా, రాత్రి దీపం ఉందా, నెలసరి బట్టకు ఏం చేస్తున్నారు, ఎవరివల్లనైనా భయంగా ఉందా అన్నవి ఆడవాళ్ళే ఆడవాళ్ళను అడగాలి. దళితుల వాడకు వేరుగా వెళ్ళండి. వాళ్ళను గుడి అరుగు దగ్గరికి పిలిపించి అందరి ముందూ అడిగితే నీళ్ళ దగ్గర జరిగేది చెప్పలేరు. గంజాం జిల్లాలో చాలా ఇళ్ళ మగవాళ్ళు సూరత్‌లో ఉంటారు. అలాంటి ఇంటికి కప్పు మీద పరదా కట్టే మనిషే లేడు. పాలిథిన్ పరదా ఇచ్చి వచ్చేస్తే అది మడత విప్పకుండానే ఉండిపోతుంది. కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు మీటింగుకు రారు కాబట్టి వాళ్ళ గుమ్మానికే వెళ్ళాలి.

పేరు రాసుకునే ముందు ఎందుకు రాస్తున్నారో చెప్పి, సరేనంటేనే రాయండి. ఏడుస్తున్నవాళ్ళను ఫోటో తీయొద్దు. "తెస్తాం" అనే మాట అసలు వాడొద్దు. "ఈ సంగతి ఫలానా ఆఫీసులో ఫలానా రోజు చెబుతాం" అనండి, ఆ రోజు చెప్పండి.

విన్నది అంకెల్లో పెట్టడం

"చాలా ఇబ్బందిగా ఉంది" అని రాస్తే ఏ అధికారీ ఏమీ చేయలేడు. ప్రపంచమంతా సహాయ బృందాలు వాడే స్ఫియర్ అనే కనీస ప్రమాణాలున్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు. తాగడానికి, వంటకు, ఒళ్ళు కడుక్కోవడానికి అన్నీ కలిపి. నీళ్ళ చోటు ఇంటికి 500 మీటర్లు మించకూడదు. ఒక చేతిపంపు మీద 500 మందికి మించి ఆధారపడకూడదు. మొదటి రోజుల్లో 50 మందికి ఒక మరుగుదొడ్డి, తర్వాత 20 మందికి ఒకటి. తలదాచుకునే చోట మనిషికి 3.5 చదరపు మీటర్లు.

60 ఇళ్ళు, 270 మంది ఉన్న పేట అనుకోండి. రోజుకు 4,050 లీటర్ల నీళ్ళు కావాలి, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు రోజుకొకసారి. మొదటి వారానికి 6 మరుగుదొడ్లు, తర్వాత 14. ఇరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు ఉన్న బడి గదిలో ఈ లెక్కన పదిమందే పట్టాలి. నలభైమంది పడుకుని ఉంటే ఆ నలభై అంకె రాయండి. బిందె ఎన్ని లీటర్లదో ఒకసారి సీసాతో కొలిచి చూసుకోండి, ఊరూరికీ మారుతుంది.

ఆరు నెలలు దాటి ఐదేళ్ళలోపు ఉన్న పిల్లల జబ్బ చుట్టుకొలత అంగన్‌వాడీ టేపుతో కొలవండి. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువ వస్తే ఎరుపు, అంటే తీవ్రమైన బక్కచిక్కుదనం. ఆ బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి పంపించే ఏర్పాటు చూడాలి. 115 నుంచి 125 లోపు పసుపు, అంటే ఒక మోస్తరు బక్కచిక్కుదనం. ఇది తుపాను తెచ్చిన జబ్బు కాకపోవచ్చు, ముందునుంచీ ఉన్నదే కావచ్చు. అయినా రాయండి.

వాంతులు, విరేచనాలు మొదలైతే

2007లో రాయగడ జిల్లా కాశీపూర్ వైపు కలరా చాలామందిని తీసుకుపోయింది. 2022లో అదే బ్లాకులో మళ్ళీ వచ్చింది. తుపాను, వరద తర్వాత ప్రతిసారీ ఈ భయం ఉంటుంది.

ఇక్కడ వరస మారుతుంది. ముందు ఓఆర్‌ఎస్, తర్వాత ప్రశ్నలు. జట్టు సంచిలో ప్యాకెట్లు ఉండాలి. లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, అంచుకు సమంగా. బియ్యం కడిగిన నీళ్ళలా విరేచనాలు అవుతున్నా, కళ్ళు లోతుకు పోయినా, ఉచ్చ ఆగినా 108కి ఫోను చేయండి. రెండేళ్ళు దాటినవాళ్ళెవరైనా నీళ్ళ విరేచనాలతో ఒళ్ళంతా ఎండిపోయినా, చనిపోయినా, ఆ ఒక్క కేసు చాలు. వెంటనే ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టాలి. ఇంకొందరికి వచ్చేదాకా చూద్దామని ఆగకూడదు.

తర్వాత నోటుబుక్కులో మనిషికొక వరస: వయసు, ఆడా మగా, ఏ వీధి, ఏ రోజు మొదలైంది, అంతకు ముందు ఎక్కడి నీళ్ళు తాగారు, ఇప్పుడెలా ఉన్నారు. వరసలు నిండేకొద్దీ ఒక చలమో, ఒక గొట్టమో, ఒక చావు భోజనమో పదేపదే కనిపిస్తుంది. నీళ్ళలో క్లోరిన్ ఉందా అన్నది బావి దగ్గర కాదు, ఇంట్లో బిందెలో పరీక్షించండి. చుక్కలు వేస్తే పసుపు తిరిగే కిట్టు ఏఎన్ఎం దగ్గరో నీటి విభాగం దగ్గరో అడగండి. తాగే చోట లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి.

జబ్బు పేరు మీరు పెట్టొద్దు. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో వందమందికి పైగా పిల్లలు పోయినప్పుడు అందరి నోటా మెదడువాపు అనే మాటే. దోమలు, పందులు అన్నారు, పందులను ఊళ్ళకు దూరం పెట్టించారు. కొందరు పిల్లల్లో ఆ వైరస్ ఉన్నమాట నిజమే. కానీ నిపుణుల బృందం చూశాక చాలా మరణాలకు కారణం వేరని చెప్పింది: ఒడియాలో బణ చకుండా, మనం కసింద అనే మొక్క గింజల విషం. ఆకలి ఉన్నచోట పిల్లలు దొరికింది తింటారు. కాబట్టి లక్షణాలు రాయండి, తేదీలు రాయండి, పిల్లలు ఏం తిన్నారో రాయండి. పేరు పెట్టే పని ల్యాబు చూసుకుంటుంది.

ఒక్క కాగితం

సాయంత్రం జట్టంతా కూర్చుని ఒక్క పేజీ రాయండి. పైన ఊరు, తేదీ, ఎంతమందితో మాట్లాడారు. కింద ఈరోజే కావాల్సినవి, ఈ వారం కావాల్సినవి. కళ్ళారా చూసింది, విన్నది విడివిడిగా ఉండాలి. "బోరింగు చెడింది (చూశాం). అవతలి పేటలో ఇద్దరు బాలింతలకు తిండి లేదట (విన్నాం)." రోగుల పేర్లు ఇందులో వద్దు, అవి ఆరోగ్య కేంద్రానికి విడిగా ఇవ్వాలి. కాగితం బీడీఓకు, సర్పంచుకు ఇచ్చి, తీసుకున్నట్టు సంతకమో ముద్రో అడగండి.

సరుకులు పంపాలా, డబ్బు పంపాలా అన్నది తేలాలంటే దగ్గర్లోని సంత చూడాలి. కొట్లు తెరిచి, సరుకు ఉండి, ధరలు మామూలుగా ఉంటే డబ్బు ఇవ్వడమే నయమని నా అభిప్రాయం. అగ్గిపెట్టె కావాలో బిందె కావాలో ఇంటి ఇల్లాలికి తెలుసు. దారి మూసుకుని కొట్టు ఖాళీగా ఉంటే డబ్బుతో పనిలేదు, సరుకే పంపాలి.

మళ్ళీ వెళ్ళండి

మూడో రోజు ఒకసారి, పదో రోజు ఇంకోసారి. మొదట నీళ్ళు, పరదా అడిగిన ఊరు పదో రోజుకు వల, పడవ ఇంజను, విత్తనాలు, పోయిన ఆధార్ కార్డు, పడిపోయిన జీడి చెట్లకు పరిహారం అడుగుతుంది. చెట్లు నరికి దారి చేసుకోక ముందే నష్టం రాయించుకున్నారా అని అడగండి. లేకపోతే ఫోటోలైనా తీసి పెట్టుకోమనండి.

వెళ్ళినప్పుడు మొదటి రోజు కాగితం వెంట తీసుకెళ్ళి, అంగన్‌వాడీ గుమ్మం దగ్గర అందరి ముందూ ఊరివాళ్ళ భాషలో చదివించండి. వచ్చినవాటి పక్కన టిక్కు పెట్టండి. రానివాటి పక్కన ఎవరిని ఎప్పుడు అడిగారో రాసి, ఆ కాగితం అక్కడే గోడకు అంటించి రండి.