బహుచలరాశి గణాంకాలా? రెండు చలరాశులతో మొదలుపెట్టండి

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇరవై చలరాశుల డేటాను సాఫ్ట్‌వేర్‌లో వేసి, బయటికొచ్చిన పట్టికలు చూసి తెల్లమొహం వేస్తారు. మొదట కాగితం, పెన్ను, రెండు చలరాశులు చాలు. సగటు, వేరియన్స్, కోరిలేషన్, 2×2 మ్యాట్రిక్స్ విలోమం వచ్చి ఉండాలి. రాకపోతే ముందు అవే.

మొదటి లెక్క మహలనోబిస్ దూరం: చలరాశుల మధ్య కోరిలేషన్‌ను కూడా లెక్కలోకి తీసుకుని, ఒకరు సగటుకు ఎంత దూరంగా ఉన్నారో చెప్పే కొలత. ఎత్తు, బరువు తీసుకోండి. ప్రతి విలువలోంచి సగటు తీసేసి, ప్రామాణిక విచలనంతో భాగించి స్కోర్లు చేయండి. కోరిలేషన్ 0.9 అనుకుందాం. ఒకరి స్కోర్లు (2, 2), మరొకరివి (1, −1). విడివిడిగా చూస్తే మొదటివారే తేడాగా కనిపిస్తారు. ఇప్పుడు స్కోర్ల వర్గాలు కూడండి. స్కోర్ల లబ్ధాన్ని 2×0.9తో గుణించి అందులోంచి తీసేయండి. మిగిలినదాన్ని 1−0.81తో, అంటే 0.19తో భాగించండి. వచ్చేది దూరపు వర్గం: మొదటివారికి 0.8/0.19, సుమారు 4.2, రెండోవారికి 3.8/0.19, అంటే 20. డేటా నార్మల్ (గంట ఆకారపు పంపిణీ) అయితే 95 శాతం మంది 5.99 లోపే ఉంటారు. సగటును మించిన ఎత్తు, సగటుకు తగ్గిన బరువు: దేనికది మామూలే, జోడీయే అరుదు. ఇది చేత్తో చేయకుండా ముందుకెళ్లకండి.

తర్వాత ప్రిన్సిపల్ కాంపోనెంట్ విశ్లేషణ, అంటే చలరాశుల్ని కలిపి, డేటా ఎక్కువగా విస్తరించిన దిశల్ని (కాంపోనెంట్లని) వెతకడం. కోరిలేషన్ 0.6 ఉన్న 2×2 మ్యాట్రిక్స్‌కు ఐగెన్ విలువలు (ఒక్కో కాంపోనెంట్ మోసే వేరియన్స్) 1.6, 0.4. మొత్తం 2 కాబట్టి మొదటి కాంపోనెంట్ ఒక్కటే 80 శాతం వేరియన్స్‌ను మోస్తుంది.

ఇది కుదిరాక ఐరిస్ డేటా తెరవండి. 150 పూలు, 3 జాతులు, 4 కొలతలు. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ వాడినది, ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో సిద్ధంగా ఉంటుంది. స్కేలింగ్ (ప్రతి కొలతనూ దాని ప్రామాణిక విచలనంతో భాగించడం) చేస్తే మొదటి కాంపోనెంట్ వాటా దాదాపు 73 శాతం, చేయకపోతే 92. ఏ కొలతలో వేరియన్స్ ఎక్కువుంటే అది కాంపోనెంట్‌ను తనవైపు లాక్కుంటుంది. మీటర్లను సెంటీమీటర్లుగా మార్చినా వేరియన్స్ 10,000 రెట్లవుతుంది మరి! ఆర్‌లోని ప్రిన్‌కాంప్ ఫంక్షన్ అడగనిదే స్కేల్ చేయదు. లోడింగ్‌ల (కాంపోనెంట్‌లో ఒక్కో కొలతకు ఉండే గుణకాల) ప్లస్, మైనస్ గుర్తులన్నీ ఒక్కసారిగా తిరగబడితే కంగారొద్దు. దిశ ఎటైనా ఒకటే.

ఎక్కువ చలరాశులతో మహలనోబిస్ దూరం లెక్కించడానికి మ్యాట్రిక్స్ విలోమం కావాలి. అది రాలేదంటే, చలరాశుల సంఖ్యతో పోలిస్తే వరుసలు చాలకపోవచ్చు, లేదా ఒక నిలువు వరుస మరికొన్నిటి మొత్తం కావచ్చు.

ఏ పద్ధతికైనా ముందు స్కాటర్ ప్లాట్లు గీయండి, గుంపులకు రంగులు వేయండి. ఐరిస్‌లో సెపల్ (పువ్వు రక్షక పత్రం) పొడవు, వెడల్పుల కోరిలేషన్ మొత్తం మీద −0.12. సెటోసా జాతిని విడిగా తీస్తే 0.74. రంగుల్లేని ప్లాట్‌లో ఇది కనబడదు.